మోపకుండా రాసిన బరువు

మా ముత్తాత చిన్న ఓబుళరెడ్డి కర్నూలు జిల్లాలో పదకొండు ఊళ్ళకు పెద్ద. తగాదా పడిన రెండు పక్షాలూ ఆయన అరుగు కింద నిలబడి మాట్లాడేవి. ఆయన కొడుకు, మా తాత మద్దిలేటిరెడ్డి, ఆ పదకొండులో ఆరింటిని నిలబెట్టుకున్నాడు. యాభయ్యో ఏట గుర్రం మీద నుంచి పడి ఆయన కాలు విరిగింది. ఆ తర్వాత ఆయన నేల మీద కాలు పెట్టలేదు. నలుగురు మనుషులు ఆయన మంచాన్ని భుజాలకెత్తుకుని ఊరూరా తిప్పేవాళ్ళు. పంచాయితీలు, పెళ్ళి మాటలు, పొలం హద్దులు అన్నీ ఆ మంచం మీద నుంచే తేల్చేవాడు. "మద్దిలేటిరెడ్డి పాదం మట్టి ఎరగదు" అని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనూ చాలాసార్లు చెప్పాను.

మా నాన్న కాలానికి ఆ ఆరు ఊళ్ళూ మాట వినడం మానేశాయి. నా కాలానికి నాకు మిగిలింది ముత్తాత పేరు, నిటారుగా కూర్చునే అలవాటు. నలభై నాలుగేళ్ళ వయసులో నేను హైదరాబాదులో, మాదాపూర్ గుట్టలు పేల్చి కంప్యూటర్ కంపెనీల కోసం కడుతున్న ఒక భవనం దగ్గర, సిమెంటు, ఇనుము ఉంచే స్టోరుకు ఇన్‌చార్జిగా పనిచేశాను. ఊళ్ళో మాత్రం కంప్యూటర్ కంపెనీలో మేనేజరునని చెప్పాను.

ఇదంతా గొప్పకు రాయడం లేదు. ఇది తెలియకపోతే తర్వాత నేను చేసిన పని అర్థం కాదు. అర్థమయ్యాక క్షమించమని కూడా అడగడం లేదు.

1998 జూన్. మొదటి వానలు పడిన వారం. మూడో అంతస్తు స్లాబుకు నీళ్ళు పట్టారు. కూలీలు ఒక గది నుంచి ఇంకో గదికి వేసిన చెక్కల మీద రబ్బరు చెప్పులతోనో, వట్టి కాళ్ళతోనో నడిచేవాళ్ళు. నేను తోలు అడుగున్న బూట్లు వేసుకునేవాణ్ణి. "సార్, జర రబ్బర్ బూట్లు వేసుకోండ్రి" అని మేస్త్రీ రెండుసార్లు చెప్పాడు. రబ్బరు బూట్లు నాకు కూలీల బూట్లుగా కనిపించాయి. తడి చెక్క మీద జారాను. పడింది రెండడుగుల ఎత్తు నుంచే. కుడికాలు కింద ఇటుకల దిమ్మ ఉంది. మోకాలికీ మడమకూ మధ్య ముందు ఎముక పుల్ల విరిగినట్టు విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

నలుగురు కూలీలు నన్ను సెంట్రింగ్ చెక్క మీద పడుకోబెట్టి కిందికి మోశారు. "సారు పల్లకి ఎక్కిండు" అన్నాడు ఒకడు, ఇంకొకడు నవ్వు ఆపుకున్నాడు. అంత నొప్పిలోనూ, ఆ నలుగురి భుజాల మీద, ఒక్క క్షణం నాకు మా తాత గుర్తొచ్చి ఛాతీ విరిసింది. ఆ క్షణాన్ని రాయకుండా దాటవేయాలని చాలా అనిపించింది.

మూసాపేటలో మేమున్న కిరాయి ఇంటికి దగ్గరగా ఒక చిన్న ఎముకల ఆసుపత్రి ఉంది. అక్కడ తొడ దాకా పిండికట్టు వేశారు. డాక్టరు గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. ఎముక ముక్కలు సరిగానే కూర్చున్నాయని, కత్తి అవసరం లేదని అన్నాడు.

ఆ ఆసుపత్రి వరండాలో బల్లలు గోడకు ఆనించి ఉండేవి. కట్టు కట్టిన కాళ్ళన్నీ దారిలోకి చాపి ఉండేవి, వచ్చేవాళ్ళు వాటిని దాటుకుంటూ నడిచేవాళ్ళు. పక్కన కూర్చున్న ప్రతి మనిషీ మొదట అడిగే మాట ఒకటే: "ఎట్ల పడ్డవు?" నేను కారు ప్రమాదమని చెప్పాను. నాకు కారు లేదు. ఈ కాలు గురించి నా మొదటి అబద్ధం అదే, ఎవరికీ నష్టం లేని అబద్ధమని అప్పుడనుకున్నాను.

నా భార్య సరోజ ప్రైవేటు స్కూల్లో టీచరు. మాకు పిల్లలు లేరు. ఆమె పొద్దున్నే లేచి నా ఒళ్ళు తుడిచి, అన్నం గిన్నె, మంచినీళ్ళు, ఖాళీ డబ్బా మంచం పక్కన పెట్టి ఏడున్నరకు బస్సెక్కేది. సాయంత్రం ఆ డబ్బా తీసి కడిగేది. ఒక్కరోజు కూడా ముఖం చిట్లించలేదు. ఆమె చిట్లించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆగస్టు. ఆరువారాల తర్వాత పెద్ద కట్టు తీసి మోకాలి కింద దాకా ఇంకో కట్టు వేశారు. అడుగున రబ్బరు మడమ పెట్టారు. డాక్టరు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"చూడండి రెడ్డిగారూ, ఇన్నాళ్ళూ మీ పని పడుకోవడమండి. ఇవాళ్టి నుంచి మీ పని బరువు వెయ్యడం."

"అతకని ఎముక మీద బరువా?"

"అతకడానికేనండి బరువు. ఎముక లోపల ఎముకను కట్టే కణాలుంటాయి. విరిగినచోటికి అవి ఇప్పటికే వచ్చి చేరాయి, మెత్తటి ఎముక కొంచెం పోశాయి. దాన్ని గట్టిపరచాలంటే అక్కడ పని ఉందని వాటికి తెలియాలి కదండీ. పైనుంచి ఒత్తిడి పడి ఎముక వెంట్రుకవాసి వంగితే వాటికి తెలుస్తుంది. ఏ ఒత్తిడీ లేకపోతే కట్టడం మానేస్తాయి. ఎముకను కరిగించే కణాలు వేరే ఉన్నాయి, అవి మాత్రం మానవండి."

ఒక కార్డు, కాలితో తొక్కే చిన్న తూకం మిషను ఇచ్చాడు. మిషను పక్కన అంతే ఎత్తులో ఇటుకలు పేర్చి మంచి కాలు వాటి మీద ఉంచాలి. విరిగిన కాలు మిషను మీద పెట్టి, ముల్లు పది కిలోల దగ్గరికి వచ్చేదాకా నెమ్మదిగా మోపాలి. వారం వారం పెంచాలి. రోజూ ముల్లు ఎంత చూపిందో కార్డులో రాయాలి. వారానికి మూడు రోజులు ఆసుపత్రి వెనక హాల్లో, మిగిలిన రోజులు ఇంట్లో.

"ఎంత పడితే అంతే రాయండి. తక్కువైనా నాకేం కోపం రాదు" అన్నాడు నవ్వుతూ.

హాల్లో కసరత్తు చేయించే యాదగిరి మా సైటు ఉన్న శేరిలింగంపల్లి మండలం వాడే. నా ఉద్యోగం సంగతి తెలుసుకుని నాకు నా పని భాషలో చెప్పాడు. "సార్, నీకు జల్ది సమజైతది. పని లేని కాడ మేస్త్రీ ఉంటడా? సంచి సర్దుకొని ఇంకో సైటుకు పోతడు. బొక్కల గూడ గంతే. నువ్వు బరువెయ్యి, మేస్త్రీలు దిగుతరు."

ఇటుకల మీద ఎడమకాలు పెట్టి, రెండు పక్కల ఇనుప కడ్డీలు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు వెనక నుంచి కేక.

"అగో! మా స్టోరు సారు!"

బాలమ్మ. పాలమూరు నుంచి వచ్చిన కూలి మనిషి. మా సైటులోనే తట్ట మోసేది. మేలో సిమెంటు మాలు తట్టతో ర్యాంపు మీద నుంచి పడి ఆమెకూ అదే ఎముక విరిగింది. చంకల కింద కర్రలతో గట్టిగా అడుగులేస్తూ వచ్చింది.

"నువ్వు గూడ పడ్డవా సారూ? వరండాల ఎవరితోనో కారు గుద్దిందంటున్నవంట. మా మరిది గాదా నిన్ను చెక్క మీద మోసింది!"

హాల్లో ఉన్న ఆరేడుగురూ నవ్వారు. అందులో దురుసు లేదు. బాలమ్మ తన కర్రతోనే ఒక స్టూలును నా వైపు నెట్టింది.

"మస్తు చెమట పడుతున్నది, కూసో. నీ స్టోరు కాడ మాకు కూసునేటందుకు ఏం లేకుండె. ఈడ ఉన్నది."

నిజమే. సిమెంటు చీటీ కోసం వచ్చినప్పుడు ఆమె నా బల్ల ముందు ఎంతసేపైనా నిలబడే ఉండేది. నేను కూర్చోలేదు. కాలు మోపాను. నొప్పి ఎముకలోంచి పళ్ళ దాకా వచ్చింది. ముల్లు నాలుగు, అయిదు. బాలమ్మ పక్కన నిలబడి బిగ్గరగా లెక్కపెడుతోంది. "ఆరు... ఇగో ఏడయితున్నది... కొట్టు సారూ!" ఏడు దగ్గర ఆపేశాను. ఆమె అప్పటికే ముప్ఫై కిలోలు మోపుతోంది.

రెండోరోజు కూడా వెళ్ళాను. మూడోసారి వెళ్ళలేదు. కర్రలతో అంత దూరమైనా నడవలేను, ఆటో దొరకడం లేదు, ఇంట్లోనే చేసుకుంటానని సరోజతో చెప్పి, డాక్టరుకు కూడా ఆమెచేతే చెప్పించాను. కూలి మనుషుల మధ్య వరుసలో నిలబడలేక మానానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం భయం. విరిగిన కాలు మళ్ళీ నా కింద విరుగుతుందని భయం. భయపడ్డానని ఒప్పుకోవడం కన్నా గర్వపడ్డానని ఒప్పుకోవడం నాకు సులువు.

ఇంట్లో మిషను మంచం పక్కనే ఉండేది. ఇటుకలు కూడా సరోజే ఎక్కణ్ణుంచో తెచ్చి పేర్చింది. మొదటిరోజు కాలు దాని మీద ఆనించి తీసేశాను. కార్డులో పది అని రాశాను. మర్నాడు ఆనించనూ లేదు. పదకొండు. ఆ తర్వాత పన్నెండు. మా తాత మంచం మీదే కోలుకున్నాడు కదా, ఎముకకు కావలసింది విశ్రాంతి, ఈ గుంటూరు డాక్టరుకు ఏం తెలుసు అనుకున్నాను. నా దస్తూరి గుండ్రంగా, ముద్రించినట్టు ఉంటుంది. ఒక్క అంకె కొట్టేసి రాయలేదు. మధ్యలో ఒకరోజు తగ్గించి, "కొద్దిగా నొప్పి" అని కూడా రాశాను, నమ్మేలా ఉంటుందని.

సరోజ స్కూలు నుంచి రాగానే చెప్పులు విడవకుండా కార్డు తీసి చూసేది.

"ఇరవై ఎనిమిదా! మొన్ననే కదా ఇరవై అయిదు."

"ఊఁ."

"మరి సాయంత్రం కాలు అసలు కింద ఆనించరేం?"

"పగలంతా మోపి మోపి సలుపుతుంది."

ఆమె నమ్మింది. రాగి సంగటి, మునగాకు పప్పు, పాలు. స్టాఫ్ రూములో కూడా ఈ అంకెలు చెప్పేదట. ఒకరోజు ఆమె తోటి టీచర్లు ఇద్దరు బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చి, "మీ పట్టుదల గురించి సరోజగారు రోజూ చెప్తారండి" అన్నారు. నేను నిటారుగా కూర్చుని ఆ మాట తీసుకున్నాను.

సెప్టెంబరు నాటికి కట్టు లోపల పిక్క సన్నబడింది. మొదట్లో బిగుతుగా ఉన్న కట్టులోకి రెండు వేళ్ళు పోయేవి, తర్వాత మూడు. కాలు తనను తాను తినేస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. సరోజ చూడకుండా ఆ సందులో దూది కూరాను.

అక్టోబరు. ఎక్స్‌రే వెలుగుపెట్టె మీద పెట్టినప్పుడు నాకే కనిపించింది. విరిగిన గీత అలాగే ఉంది, దాని అంచులు బూడిదరంగులో పాలిపోయి ఉన్నాయి. డాక్టరు ఒక చేత్తో కార్డు, ఇంకో చేత్తో ఎక్స్‌రే పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నలభై కిలోలు వేస్తున్నారు. ఇంత క్రమంగా రాసిన పేషెంటు నాకు ఇంకొకరు లేరండి. ఇంత ఒత్తిడి పడుతుంటే కణాలు ఎందుకు పలకడం లేదు?"

చక్కెర చూశారు, రక్తం చూశారు. ఏమీ లేదు. తుంటి దగ్గర ఎముక కొంత తీసి విరిగినచోట పెట్టి, ప్లేటు బిగించాలన్నాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ కాలు జీవితాంతం బరువు మోయదన్నాడు. సరోజ ఆయన్ని ఒకటే అడిగింది. "ఆయన ఇంకేమైనా ఎక్కువ చెయ్యాల్సిందా డాక్టరుగారూ?"

"లేదమ్మా. ఆయన చెయ్యాల్సిందంతా చేశారు."

నేను ఎదురుగా గోడ మీది అస్థిపంజరం బొమ్మను చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చిన ఆటోలోనే సరోజ హఫీజ్‌పేట స్థలం మాట ఎత్తింది. రైల్వే స్టేషనుకు అవతల కొత్తగా పడుతున్న కాలనీలో అది ఆమె కొనుక్కున్న ఇంటి స్థలం. ఆదివారాలు టిఫిన్ డబ్బాతో అక్కడికి వెళ్ళి, తను నాటిన కరివేపాకు మొక్కకు నీళ్ళు పోసి, హద్దురాయి మీద కూర్చుని తిని వచ్చేది. వంటిల్లు ఎటు వస్తుందో చెప్పుతో నేల మీద గీసి చూపించేది. నేను ఒకసారి వెళ్ళాను. రాళ్ళలో కూర్చుని తినడం ఏమిటని విసుక్కున్నాను.

"అమ్మేద్దామండీ. కాలు ముందు" అంది.

నోరు తెరిచి చెప్పవలసిన సమయం అదే. నేను "నీ ఇష్టం" అన్నాను.

నవంబరు మొదట్లో మా మేనత్త కర్నూలు నుంచి వచ్చింది. మద్దిలేటిరెడ్డి కూతుళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. ఎనభై దాటాయి. నా మంచం పక్కన కింద కూర్చుని, దుప్పటి ఎత్తి కాలు చూసింది.

"ఏమిరా అబ్బీ, ఎన్నాళ్ళు ఇట్ల పడుకుంటావు?"

"తాతది కూడా ఇదే కాలు కదత్తా. ఆయన పాదం కూడా మట్టి ఎరగలేదు" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఎవురు చెప్పినార్రా నీకు? మా నాయన కాలు అతుక్కోల్యా. ఆర్నెల్లు మంచం దిగనీకుండా పెట్టినారు, రెడ్డి కాలు కింద పెట్టకూడదని. ఆ పొద్దుకు తొడ చూస్తే కట్టెపుల్ల. లేచి నిలబడితే విరిగిన కాడ కీలు మాదిరి మడత పడేది. నూనె రాసింది నేను గదా. తలుపేసుకోని ఏడ్చేవాడు."

"మరి ఆ మంచం..."

"నడ్చలేక మోయించుకున్న్యాడురా! ఇంగేం చేస్తాడు? కుంటోడంటే ఊళ్ళు మాట వింటాయా? అదొక గొప్ప అని మా అమ్మ మనుషుల్ని పెట్టి చెప్పించింది. మీరంతా నమ్మినారు."

తర్వాత సరోజను పిలిచి ఇంకొంచెం మజ్జిగ అడిగింది. ఆ మాట అక్కడితో వదిలేసింది. నేను వదలలేకపోయాను. అయినా నోరు విప్పలేదు. అప్పటికే ఒకాయన స్థలం చూసుకుని బయానా ఇచ్చి వెళ్ళాడు. ఇప్పుడు చెప్తే ఏమవుతుంది అనుకున్నాను. ప్రతిరోజూ చెప్పడం నిన్నటి కన్నా కష్టమయింది. అలా తొమ్మిది రోజులు గడిపాను.

ఆపరేషనుకు నాలుగు రోజుల ముందు, ఒక గురువారం, సరోజ నన్ను పరీక్షల కోసం ఆసుపత్రిలో దింపి తను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళింది. హాలు తలుపు తీసి ఉంది. బాలమ్మ బల్ల మీద కాలు చాపుకుని కూర్చుంది. కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి.

"ఏంది బాలమ్మా, నడవడం లేదా?"

నేను ఆమెను పేరు పెట్టి పలకరించడం అదే మొదలు.

"ఆపిండ్రు సారూ. ఎవరో పెద్దసారంట, దినాం బరువేసి కార్డుల రాసిండంట. నలభై కిలోలు! గాయిన బొక్క అతకలేదంట. గది జూసి డాక్టర్‌సాబ్ పరేషాన్ అయిండు. నాకు, ఇంకిద్దరికి గూడ ఆపిండు. బరువు పడకుంటనే మంచిదేమో జర ఆగి చూద్దామన్నడు. కర్రలు ఇడిచి పనికి పోతననుకున్న. ఇగ ఎప్పుడో."

ఆ పెద్దసారు ఎవరో ఆమెకు తెలియదు. తన పిక్కను చేత్తో నొక్కి చూసుకుంటోంది. నాకు దాని అర్థం తెలుసు.

డాక్టరు గదిలో ఎవరో ఉన్నారు. ఆగకుండా లోపలికి వెళ్ళాను. ఆగితే మళ్ళీ మానేస్తానని తెలుసు.

"ఆ కార్డులో ఉన్నది అబద్ధం. నేను కాలు మోపలేదు."

ఆయనకు మొదట అర్థం కాలేదు. కార్డు తీసి తిరగేశాడు. "ఎప్పట్నుంచండి?"

"హాల్లో రాసిన మొదటి రెండూ నిజం. మిగతావి నేను పడుకుని రాసినవి."

ఆయన ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెరగలేదు. "మీకు కత్తి పెట్టబోయాను రెడ్డిగారూ. అది మీ కాలు, మీ ఇష్టమనుకుందాం. ఈ అంకెలు నమ్మి ముగ్గురికి బరువు ఆపానండి నేను. వాళ్ళు రెక్కాడితే గాని డొక్కాడని మనుషులు." కార్డు నా చేతిలో పెట్టాడు. "హాల్లోకి వెళ్ళి వాళ్ళకు మీరే చెప్పండి. నేను చెప్పను."

చెప్పాను. కర్రల మీద నిలబడి, అయిదుగురి ముందు. మా ముత్తాత అరుగు కింద నిలబడినవాళ్ళు ఎలా మాట్లాడేవాళ్ళో నాకు తెలియదు. యాదగిరి తల దించుకున్నాడు. బాలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"పన్నెండు దినాలు సారూ" అంది. ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఆమె నన్ను తిట్టి ఉంటే దానికి నేను ఏదో ఒక జవాబు వెతుక్కునేవాణ్ణి.

రెండు గంటలకు సరోజ వచ్చింది. వేలికి సిరా మరక ఉంది. సంచిలో స్టాంపు కాగితాల నకళ్ళు. వరండా బల్ల మీద నా పక్కన కూర్చోబెట్టి చెప్పాను. అంతా అయ్యాక అడిగింది.

"పొద్దున నేను బయల్దేరేటప్పుడు చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది."

నా చేతిలో ఉన్న కార్డు చూసింది. "మీ దస్తూరి చాలా బాగుంటుంది" అంది. సంచి భుజానికి వేసుకుని ఆటో పిలవడానికి వెళ్ళింది.

డాక్టరు ఆపరేషను ఆపి, డిసెంబరు నుంచి ఎనిమిది వారాలు గడువిచ్చాడు. ఆలోగా ఎముక పలికితే సరే, లేకపోతే కత్తే. ఇంత ఆలస్యం తర్వాత కణాలు మళ్ళీ పనిలోకి దిగుతాయో లేదో తాను చెప్పలేనన్నాడు. ఆ అనుమానంతో గడిచిన వారాలు నాకు రావలసినవే.

డిసెంబరు. ఉదయం ఆరింటికి సరోజ మిషను, ఇటుకలు సర్ది, వంగి ముల్లు చూసేది. కొత్త కార్డు ఆమె దగ్గరే ఉండేది. అంకె ఆమే రాసేది. మొదటిరోజు నాలుగు. నాలుగు కిలోలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె నాలుగు అని రాసి, నా భుజం కింద చెయ్యి పెట్టి మంచం మీద కూర్చోబెట్టింది. ఆ చెయ్యి మామూలుగానే ఉంది. మాటలే తగ్గాయి. మునగాకు పప్పు మునుపటిలాగే వండింది. స్టాఫ్ రూములో ఎవరికీ ఏమీ చెప్పినట్టు లేదు.

వారానికి మూడు రోజులు హాలుకు వెళ్ళాను. వరండాలో ఎట్ల పడ్డవని అడిగినవాళ్ళకు తోలు బూట్లు వేసుకుని తడి చెక్క మీద జారానని చెప్పాను. బాలమ్మ నాతో మాట్లాడలేదు. ఆమెకు బరువు మళ్ళీ మొదలుపెట్టారు. ఒకరోజు నేను కడ్డీల మధ్య పదహారు దగ్గర వణుకుతూ ఆగిపోతే, వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "గట్ల ఊపిరి బిగబట్టకు సారూ. ఇడువు. ఇడిచి మోపు." అంతే. విడిచి మోపాను. పద్దెనిమిది వచ్చింది. జనవరిలో ఆమె కర్రలు వదిలేసింది. ఆ రోజు నేను లేచి నిలబడి నా స్టూలు ఇచ్చాను. "నాకెందుకు, పనికి పోవాలె" అని వెళ్ళిపోయింది.

నొప్పి గురించి ఒక మాట రాయాలి, ఇలాంటి కార్డు చేతికొచ్చినవాళ్ళ కోసం. నేను భయపడిన నొప్పి ఒకటి, నిజంగా వచ్చింది ఇంకొకటి. నిజంగా వచ్చింది మొండిగా, లోతుగా ఉంటుంది, కాలు తీయగానే నెమ్మదిస్తుంది, మర్నాటికి అదే బరువు దగ్గర కొంచెం తగ్గుతుంది. కాలు ఏదో వింటున్నట్టు అనిపిస్తుంది. ముల్లు ఎంత చూపితే అంత రాయండి. మూడయితే మూడు. మీరు రాసిన అంకెను నమ్మి ఇంకొకరి కాలు గురించి నిర్ణయం జరుగుతుందని నాకు తెలియలేదు. మీకు తెలియాలి.

1999 ఫిబ్రవరిలో ఎక్స్‌రే తీశారు. విరిగినచోట ఒక పక్క పలచటి తెల్లటి వాపులాంటిది కనిపించింది. డాక్టరు పెన్ను మొనతో దాన్ని చూపించాడు. "దిగారండి మీ మేస్త్రీలు" అన్నాడు. ఏప్రిల్‌లో అది గీతను పూర్తిగా దాటి అవతలి ముక్కను పట్టుకుంది. కట్టు తీసేశారు. కుడికాలు ఇప్పటికీ ఎడమదాని కన్నా సన్నం. మెట్లు దిగేటప్పుడు కుంటుతాను. దాన్ని దాచడానికి ప్రయత్నించడం లేదు.

స్టోరు ఉద్యోగం వేరే మనిషికి ఇచ్చేశారు. శేరిలింగంపల్లిలో ఒక ఇటుకల డిపోలో చేరాను. రబ్బరు బూట్లు వేసుకుంటాను. సరోజ మెల్లగా మళ్ళీ మాట్లాడుతోంది, కూరల గురించి, బస్సు గురించి, స్కూల్లో పిల్లల గురించి. ఆదివారాలు ఇంట్లోనే ఉంటుంది. జూన్‌లో నేను ఒక్కణ్ణే హఫీజ్‌పేట వెళ్ళి, తిరిగి ఇస్తారేమోనని స్థలం కొన్నాయన్ని అడిగాను. అప్పటికి ఆయన పునాదులు తీయిస్తున్నాడు. కాదన్నాడు.

హఫీజ్‌పేట స్థలం రెండు వందల గజాలు, తూర్పు ముఖం. సరోజ తన జీతంతో, తన పేరు మీద కొనుక్కున్నది. జరగని ఆపరేషను కోసం 1998 నవంబరులో అమ్మేశాం.